వెళ్ళొస్తానని చెప్పిన ఓడలు

మన ఇళ్లల్లో గుమ్మం దాటేవాడు "పోతాను" అనడు. పొరపాటున నోరు జారితే పెద్దవాళ్లు ఊరుకోరు. "వెళ్ళొస్తాను" అనాలి. సంతకి వెళ్ళేవాడైనా, సముద్రాలు దాటేవాడైనా అదే మాట. వెళ్ళడం ఒక ఎత్తు, రావడం ఒక ఎత్తు అన్న సంగతిని ఒక్క క్రియాపదంలో ముడివేసి పెట్టుకున్నాం.

అటువంటి తెలుగునేల మీద, పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవి నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టు ఎగిరింది. ఆనాటి నుంచి ముప్పై అయిదేళ్ల పాటు అక్కడ బయలుదేరిన వాటిల్లో, భూమి చుట్టూ తిరిగి క్షేమంగా వెనక్కి వచ్చింది ఒక్కటీ లేదు. పైకి చేరినవి పైనే ఉండిపోయాయి, చేరలేనివి సముద్రంలో పడ్డాయి. అందులో ఎవరి తప్పూ లేదు. ఆ దీవిని ఎంచుకున్నదే వెళ్ళడానికి.

చూడండి, భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతుంది. శ్రీహరికోట ఉన్నచోట ఆ తిరుగుడు వేగం సెకనుకి దాదాపు 450 మీటర్లు. తూర్పుదిక్కుగా ఎగిరే రాకెట్టుకి ఆ వేగం ఉచితంగా దక్కుతుంది, చింతకాయలు కోసేవాడికి కింద నుంచి ఒకడు భుజం ఇచ్చినట్టు. తూర్పున ఉన్నదంతా సముద్రం, కాబట్టి రాలిన భాగాలు ఎవరి నెత్తిమీదా పడవు. అప్పట్లో నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. సూళ్లూరుపేటలో రైలు దిగి సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద పోతుంటే, చలికాలంలో అయితే రెండువైపులా రాజహంసలు కనిపిస్తాయి. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ఏటేటా వస్తాయి, పోతాయి, మళ్లీ వస్తాయి. ఆ దీవి చుట్టూ రాకపోకలు తెలిసినవి చాలాకాలం ఆ పక్షులే.

వెళ్ళిన రాకెట్టు రాకపోతే నష్టమేమిటి అంటారా? 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 మన రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశమంతా పండగ చేసుకుంది, చేసుకోవలసిందే. కానీ లెక్క చూడండి. రాకెట్టు బరువు 17 టన్నులు. ఉపగ్రహం బరువు 35 కిలోలు. ఆ 35 కిలోలని పైన దింపడానికి ఆ 17 టన్నుల్లో ఇంధనం కాలిపోగా మిగిలిన లోహమూ యంత్రాలూ అన్నీ పారేయవలసిందే. పెళ్ళిలో విస్తరాకు లాంటిదన్నమాట. భోజనం అయ్యేంతవరకే దాని ఆయుష్షు. ఆకు అయితే ఫరవాలేదు, అణాకో అర్ధణాకో కట్టలకి కట్టలు దొరికేది. ఈ విస్తరికి కోట్ల రూపాయలు. పైగా అందులో కూచునేది మనిషయితే, విస్తరాకు సిద్ధాంతం బొత్తిగా పనికిరాదు. ఉపగ్రహాన్ని పైనే వదిలేయొచ్చు గానీ మనిషిని వదిలేయలేం కదా.

అంచేత, విస్తరి బదులు కంచం చేసుకుందాం, తిని కడుక్కుని మళ్లీ వడ్డించుకుందాం అన్న ఆలోచన రోదసీ యుగం మొదట్లోనే పుట్టింది. అమెరికా వాళ్ల ఎక్స్-15 అనే రాకెట్ విమానం 1959 నుంచి 1968 దాకా 199 సార్లు ఎగిరింది. జో వాకర్ అనే ఆయన 1963లో జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, ఒకే విమానంలో నూరు కిలోమీటర్ల ఎత్తు దాటి దిగివచ్చాడు. మనిషితో సహా రోదసి అంచు తాకి, మళ్లీ అదే బండి మీద వెళ్ళి రావడం అదే మొదలు. అయితే అది అంచు మాత్రమే. కక్ష్య దాకా వెళ్ళి రావడం వేరే కథ. ఆ కథ 1981 ఏప్రిల్ 12న కొలంబియా అనే స్పేస్ షటిల్‌తో మొదలైంది. రష్యా వాళ్లూ బురాన్ అని అచ్చం అలాంటిదే చేసి, 1988 నవంబరులో మనిషి లేకుండా ఒక్కసారి ఎగరేసి, సొంతంగా దింపి, ఆ తర్వాత కొట్లో పెట్టేశారు.

షటిల్‌కీ మనకీ చుట్టరికం చాలామంది మరిచిపోయారు. మన ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని పైకి మోసుకెళ్ళింది ఛాలెంజర్ షటిల్. అంతకు ముందు ఏడాది పంపిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలల్లోనే మూలపడింది కాబట్టి, దీనిమీదే ఆశలన్నీ. 1983 ఆగస్టు 30న, అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర గంటలకి బయలుదేరింది. షటిల్ చరిత్రలో రాత్రిపూట ఎగరడం అదే ప్రథమం. ఆ అపరాత్రి ముహూర్తం మన ఇన్సాట్ కోసం పెట్టిందే! ఆ తర్వాత ఊళ్లల్లో మేడల మీద యాంటెన్నాలు మొలిచాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు తిరిగిందో చూపించే బొమ్మలు వచ్చాయి. తుపాను అంటే ఏమిటో కోస్తావాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు, ఆ బొమ్మల విలువ వాళ్లకే తెలుసు.

దాని తర్వాతి ఉపగ్రహం ఇన్సాట్-1సితో పాటు మన మనిషి కూడా షటిల్‌లో వెళ్ళాలని ఏర్పాటయింది. ఇస్రో ఇంజనీర్లు ఎన్.సి. భట్, పి. రాధాకృష్ణన్ అనే ఇద్దరిని ఎంపిక చేశారు. 1986లోనే ప్రయాణం. ఆ ఏడాది జనవరి 28న ఛాలెంజర్ బయలుదేరిన 73 సెకన్లకే ఆకాశంలో ముక్కలైపోయింది. ఏడుగురు పోయారు. మన ఇంజనీర్ల ప్రయాణం మరి జరగలేదు. ఇన్సాట్-1సి మటుకు 1988లో ఐరోపా వాళ్ల ఏరియన్ రాకెట్టు మీద వెళ్ళింది.

ఏమాట కామాటే చెప్పుకోవాలి, షటిల్ గొప్ప యంత్రం. కానీ కంచం వల్ల ఖర్చు కలిసొస్తుందన్న లెక్క తారుమారైంది. వారానికొకసారి ఎగురుతుందని మొదట్లో చెప్పుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ ఎగిరిన 1985లో, ఏడాది మొత్తానికి తొమ్మిది సార్లు. కారణం దాని ఒంటినిండా పరిచిన పెంకులు. మట్టి పెంకులు కావు లెండి, ఇసకలోంచి తీసిన సిలికా పీచుతో చేసినవి, బెండులా తేలిగ్గా ఉంటాయి. కొలంబియాకి ముప్పై వేల పైచిలుకు. ఒక్కో పెంకుదీ ఒక్కో ఆకారం, ఒక్కోదానికీ నంబరు. దిగివచ్చిన ప్రతిసారీ ఒక్కొక్కటీ తడిమి చూడాలి, పగిలినవి మార్చాలి, ఇంజన్లు ఊడదీసి మళ్లీ బిగించాలి. ఇత్తడి కంచం కొన్నాం సరే, తోమే చింతపండు ఖర్చు కంచం ఖరీదుని మించిపోయింది. 2011 జులైలో ఆఖరుసారి దిగేసరికి మొత్తం 135 ప్రయాణాలు. మొదటి నుంచి పెట్టిందంతా కలిపి పంచితే ఒక్కో ప్రయాణానికి దగ్గర దగ్గర నూటయాభై కోట్ల డాలర్లు తేలింది.

అసలు ఈ పెంకుల గొడవ ఎందుకొచ్చింది? కక్ష్యలో ఉన్న నౌక సెకనుకి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. సూళ్లూరుపేట నుంచి తిరుపతికి పావు నిమిషంలోపు అన్నమాట. ఆ వేగమంతా దిగేలోపల వదిలించుకోవాలి, వదిలించుకునే మార్గం గాలి ఒక్కటే. గాలి ఒరిపిడి వల్ల కాలుతుందని అందరూ అంటారు గానీ, అసలు కారణం వేరు. నౌక ముందున్న గాలి పక్కకి తప్పుకునే వ్యవధి లేక ఒక్కసారిగా నలిగి అణిగిపోతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది చూశారా, అదే ఇదీను. సూదిమొన లాంటి ముక్కు పెడితే వేడి ఆ ముక్కునే పట్టుకుంటుంది. మొద్దు ముక్కు పెడితే నలిగిన గాలి ఒక దుప్పటిలా కాస్త ఎడంగా నిలిచి, వేడి చాలాభాగం పక్కలనుంచి పోతుంది. ఈ తలకిందుల సత్యాన్ని 1950ల మొదట్లో అమెరికాలో జూలియన్ ఆలెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. దిగివచ్చే నౌకలు గంపల్లాగా, బుంగల్లాగా ఉండడానికి అదే కారణం.

మిగిలిన వేడికి రెండే ఉపాయాలు. ఒకటి, పైన పూసిన పూత తానే కాలి, రాలిపోతూ వేడిని తనతో తీసుకుపోవడం. నమ్మకమైన పద్ధతి, కానీ ప్రతిసారీ కొత్త పూత కావాలి. అది విస్తరి. రెండోది, కాలకుండా, కరగకుండా, వేడిని లోపలికి రానీయకుండా నిలబడే పెంకు. అది కంచం. చిక్కల్లా కంచం పగలొచ్చు.

పగిలింది కూడా. 2003 జనవరి 16న కొలంబియా బయలుదేరిన 82 సెకన్లకి ఇంధనపు ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది. అక్కడ ఉన్నది పెంకు కాదు, అంతకంటే గట్టి కర్బన పలక. దానికే చిల్లి పడింది. పదహారు రోజులు ఆ చిల్లితోనే భూమి చుట్టూ తిరిగారు. ఫిబ్రవరి 1న దిగివస్తుంటే, నేల చేరడానికి ఇంకో పదహారు నిమిషాలుండగా, ఆ చిల్లిలోంచి వేడిగాలి రెక్కలోకి చొరబడింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు. 1997లో కల్పన మొదటిసారి వెళ్ళి వచ్చింది కూడా ఆ కొలంబియాలోనే. అదే ఓడ ఒకసారి తెచ్చి అప్పగించింది, ఇంకొకసారి తేలేకపోయింది.

ఆ వార్త వచ్చిన నాలుగు రోజులకి, ఫిబ్రవరి 5న, శ్రీహరికోట నుంచి 2002 సెప్టెంబరు 12న వెళ్ళిన మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి 'కల్పన-1' అని పేరు మార్చారు. మళ్లీ రావలసిన అమ్మాయి పేరు, ఎన్నటికీ రానవసరం లేని ఉపగ్రహానికి పెట్టారు. దాదాపు పదిహేనేళ్లు అది పైనుంచి మన బంగాళాఖాతం మీది మబ్బుల్ని కనిపెట్టి చూస్తూ ఉండింది. ఆ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, మనసున్నవాళ్లు.

ఇదంతా జరిగిన నాలుగేళ్లకి శ్రీహరికోట మొదటిసారి "వెళ్ళొస్తాను" అంది. 2007 జనవరి 10న పిఎస్‌ఎల్‌వి-సి7 రాకెట్టు నాలుగు ఉపగ్రహాల్ని తీసుకెళ్ళింది. అందులో ఒకటి ఎస్‌ఆర్‌ఇ-1. ముక్కు మొద్దుగా, కింద లంగాలా వెడల్పుగా ఉన్న 550 కిలోల పెట్టె. ముక్కుకి కాలి రాలిపోయే పూత, ఒంటికి సిలికా పెంకులు. అంటే విస్తరీ ఉంది, కంచమూ ఉంది. మనవాళ్లు రెండూ ఒకే పెట్టెమీద పరీక్షకి పెట్టారు. పన్నెండు రోజులు 630 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున తిరిగింది. జనవరి 22 ఉదయం దానిని వెనక్కి తిప్పి, ఎదురు ఇంజను మండించి వేగం తగ్గించారు. ఈ మండించడంలో ఏమాత్రం తేడా వచ్చినా అయితే కాలి బూడిదవుతుంది, లేకపోతే ఎక్కడో తగలరాని చోట తగులుతుంది. గాలి దుప్పటి కమ్ముకున్నాక కాసేపు రేడియో మాట కూడా వినబడదు. అయిదు కిలోమీటర్ల ఎత్తుకి వచ్చాక పారాచూట్లు విచ్చుకున్నాయి. తొమ్మిది గంటల నలభై ఆరు నిమిషాలకి, శ్రీహరికోటకి తూర్పున 140 కిలోమీటర్ల దూరంలో నీళ్లల్లో దిగి, తేలుతూ కూచుంది. కోస్టుగార్డు, నౌకాదళం వాళ్లు వెళ్ళి తెచ్చారు. మొదటి ప్రయత్నంలోనే! ఉపగ్రహం పైకి వెళ్ళినప్పుడు చేసుకునే పండగలో సగం కూడా ఆ రోజు జరగలేదనిపిస్తుంది నాకు. మనిషిని పంపడం గురించి మాట్లాడే అర్హత మనకి వచ్చింది మాత్రం ఆ రోజునే.

సూళ్లూరుపేట బస్టాండులో ఒకసారి పక్కన కూచున్న పెద్దాయనతో ఈ మాటే అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "రాకెట్టు పొయ్యేది మా మిద్దె మీదినించే శానాసార్లు చూసినా నాయనా. వచ్చేది మాత్రం యాడా కండ్లబడలా" అన్నాడు. నిజమే. వెళ్ళడానికి చప్పుడుంది, వెలుగుంది, చూడవచ్చే జనం ఉన్నారు. రావడం ఎక్కడో నడిసముద్రంలో, ఎవరూ లేనిచోట జరిగిపోతుంది.

అక్కడి నుంచి వరస కుదిరింది. 2014 డిసెంబరు 18న ఎల్‌విఎం-3 రాకెట్టు తొలి ప్రయోగంలో, ముగ్గురు మనుషులు పట్టే గది లాంటి మూడున్నర టన్నుల పైచిలుకు క్రూ మాడ్యూల్‌ని 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలారు. లోపల ఎవరూ లేరు. ఇరవై నిమిషాల చిల్లరలో శ్రీహరికోటకి 1600 కిలోమీటర్ల అవతల, అండమాను వైపు సముద్రంలో దిగింది. 2018 జులై 5న మరో పరీక్ష. రాకెట్టు నేలమీద ఉండగానే ప్రమాదం వస్తే లోపలివాళ్లని ఎలా లాగేయాలన్నది. ఛాలెంజర్‌లో లేనిది సరిగ్గా ఆ సదుపాయమే. ఆ మాడ్యూల్ రెండున్నర కిలోమీటర్లకి పైగా లేచి, పారాచూట్ల మీద దిగింది. మొత్తం 259 సెకన్లు.

ఇవన్నీ గంప ఆకారాలు. రెక్కలున్న దాని కథ 2016 మే 23 ఉదయం ఏడింటికి. ఆర్‌ఎల్‌వి-టిడి అని పొడుగాటి పేరు, ఆరున్నర మీటర్ల పొడుగు, పావు తక్కువ రెండు టన్నుల బరువు. ఘన ఇంధనపు రాకెట్టు మీద నిలబెట్టి ఎగరేస్తే 65 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, ధ్వనికి అయిదు రెట్ల వేగంతో తిరిగి గాలిలోకి దూరి, తన దారి తానే చూసుకుంటూ 770 సెకన్లలో ప్రయాణం ముగించింది. దిగడానికి శ్రీహరికోటలో దానికి సరిపడా రన్‌వే లేదు. అంచేత 450 కిలోమీటర్ల దూరాన సముద్రం మీదే రన్‌వే ఉందనుకుని దిగమన్నారు. పాపం, దిగింది. దిగి నీళ్లపాలైంది.

తర్వాత దాని తమ్ముణ్ణి కర్ణాటకలో చిత్రదుర్గం దగ్గర చళ్ళకెరె మైదానానికి తీసుకెళ్ళారు. హెలికాప్టరుకి వేలాడదీసి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలితే, 2023 ఏప్రిల్ 2న బుద్ధిగా రన్‌వే మీద దిగింది. 2024 మార్చిలో, జూన్‌లో, కావాలని దారి తప్పించి పక్కగా వదిలినా వెతుక్కుంటూ వచ్చి దిగింది. దిగేటప్పుడు వేగం గంటకి 320 కిలోమీటర్ల పైమాటే, మామూలు ప్రయాణీకుల విమానం కంటే ఎక్కువ. దానికి పుష్పక్ అని పేరు పెట్టారు. పేరు బాగానే కుదిరింది. రాములవారు లంక నుంచి అయోధ్యకి వచ్చి, దిగాక ఆ విమానాన్ని తిరిగి కుబేరుడి దగ్గరకి పంపించేశారు కదా! వాడుకుని భద్రంగా అప్పగించడమన్నది అందులోనే ఉంది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండడమన్నది మాత్రం ఇస్రోవాళ్ల వల్ల అయ్యే పని కాదు. చిత్రమేమంటే రెక్కలున్న ఈ పుష్పక్‌లో మనిషికి చోటే లేదు. మనిషిని పంపే గగనయానానికి ఎంచుకున్నది రెక్కల్లేని గంపనే. షటిల్ కథంతా విన్నాక ఆ ఎంపిక మీద నాకు ఫిర్యాదు లేదు.

బయటి ప్రపంచం కూడా అటే వచ్చింది. స్పేస్ ఎక్స్ వాళ్ల డ్రాగన్ గంప ఆకారమే, పారాచూట్లతో సముద్రంలో దిగేదే. కాకపోతే దాన్ని తెచ్చి, కడిగి, వేడి కవచం సరిచూసి, పారాచూట్లు కొత్తవి కట్టి మళ్లీ పంపుతారు. తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడిన రాజా చారి, 2021 నవంబరులో ఎండ్యూరెన్స్ అనే కొత్త డ్రాగన్‌కి నాయకుడిగా వెళ్ళి, 2022 మే 6న తిరిగొచ్చాడు. అదే ఎండ్యూరెన్స్ ఆ తర్వాత మళ్లీ మళ్లీ వేరే జట్లని తీసుకెళ్ళి తెచ్చింది. అంతకు ముందే 2021 జులై 11న, ఆంధ్రదేశంలో పుట్టి టెక్సాస్‌లో పెరిగిన బండ్ల శిరీష, రెక్కలున్న యూనిటీ అనే నౌకలో 86 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళి గంటలోపే రన్‌వే మీద దిగింది. 1984లో రాకేశ్ శర్మ సోయజ్‌లో వెళ్ళినప్పుడు ఒక బండిలో వెళ్ళి, ఇంకో బండిలో వచ్చాడు. రెండూ ఒక్కసారికి పనికొచ్చేవే. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా వెళ్ళింది మాత్రం డ్రాగన్‌లో, జులై 15న వచ్చిందీ దానిలోనే.

శ్రీహరికోటలో రావడం సాధన చేస్తూనే ఉన్నారు. 2023 అక్టోబరు 21న, ఆకాశంలో వేగంగా పోతున్న రాకెట్టు నుంచి మాడ్యూల్‌ని తప్పించే పరీక్ష పెట్టారు. ఇంకా అయిదు సెకన్లుందనగా కంప్యూటరు ఆపేసింది. కారణం వెతికి సరిచేసి, పదింటికి ఎగరేశారు. అంతా అనుకున్నట్టే జరిగి తీరానికి పది కిలోమీటర్ల దూరంలో నీళ్లలో పడింది, తల్లకిందులుగా! నౌకాదళం వాళ్లు వెళ్ళేసరికి అలాగే తేలుతోంది. లోపల మనిషి ఉంటే ఎంత ఇబ్బందో ఊహించుకోండి. సముద్రం మీదికి రావడమంటే ఆకాశం ఒక్కటే దాటితే సరిపోదు, అలల్ని కూడా ఒప్పించాలి. 2025 ఆగస్టు 24న 4.8 టన్నుల డమ్మీ మాడ్యూల్‌ని హెలికాప్టరులో మూడు కిలోమీటర్ల పైకి తీసుకెళ్ళి శ్రీహరికోట దగ్గర వదిలారు, పారాచూట్లు ఒకదాని తర్వాత ఒకటి వరసలో విచ్చుకుంటాయా లేదా అని. విచ్చుకున్నాయి.

అంతకు ముందు ఏడాది డిసెంబరు 6న విశాఖపట్నం తీరాన నౌకాదళం ఇంకో సాధన చేసింది. దానికి ఒక ప్రత్యేకమైన ఓడ ఉంది. వెనక తలుపు తెరిచి లోపలి అరలోకి సముద్రపు నీటిని రానిస్తారు. తేలుతున్న మాడ్యూల్‌కి తాడు కట్టి నేరుగా ఓడ కడుపులోకి లాగుతారు. తర్వాత నీళ్లు తోడేస్తారు. లోపలి మనుషులు అలల మీద తలుపు తీసుకుని బయటికి రానక్కర్లేదు, పొడిగా, ఓడలో కాలు పెట్టొచ్చు. ఆ రోజు లాగింది ఖాళీ నమూనానే, అంతే బరువు, అదే ఆకారం.